ల్యాప్‌టాప్‌కూ లైసెన్సా?



ఏటా ఈ సంచికలో మెస్ చార్జీల గురించో, స్కాలర్‌షిప్పుల ఆలస్యం గురించో, ఉద్యోగ నోటిఫికేషన్ల గురించో మా అభిప్రాయం రాస్తూ వచ్చాం. ఈసారి మేం ఎంచుకున్న విషయం చూసి కొందరికి నవ్వు రావచ్చు. బ్రిటన్‌లో కంప్యూటర్ మీద టీవీ చూస్తే లైసెన్సు కావాలా, వద్దా అన్నదే ఆ విషయం. "మన స్నానాల గదుల తలుపులకు గడియలు లేవు, వీళ్ళకు లండన్ టీవీ గొడవ ఎందుకు?" అని మీరు అడగకముందే కారణం చెప్తాం.

అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చాక మన సంక్షేమ హాస్టళ్ళలో చదివిన వాళ్ళు కూడా పై చదువులకు సముద్రాలు దాటుతున్నారు. మన హాస్టల్ నుంచి ఒక అన్న, పక్కనున్న బాలికల హాస్టల్ నుంచి ఒక అక్క ఒకే ఏడాది బ్రిటన్ వెళ్ళారు. అన్న మరో ముగ్గురితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అక్క యూనివర్సిటీ వసతిగృహంలో ఒక గదిలో ఉంది. కొన్నాళ్ళకు ఇద్దరికీ ఒకే రకం ఉత్తరం వచ్చింది. మీ చిరునామాకు టీవీ లైసెన్సు లేదు, లైసెన్సు లేకుండా టీవీ చూడటం నేరం అన్నది దాని సారాంశం.

అక్క భయపడిపోయింది. ఆమె గదిలో టీవీ లేదు. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిన పాఠాలు, యూట్యూబ్‌లో పాత సినిమాలు తప్ప ఇంకేమీ చూడదు. అయినా "నేరం" అన్న ఒక్క మాటకు వణికి, సూపర్‌మార్కెట్‌లో రాత్రి పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఆ రోజే లైసెన్సు కొనేసింది. అన్న ఆ ఉత్తరాన్ని మడిచి కిటికీ దగ్గర పడేశాడు. "మన దగ్గర టీవీయే లేదు కదరా, ల్యాప్‌టాప్‌కు లైసెన్సేంటి?" అని నలుగురూ నవ్వుకున్నారు. 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో మన జట్టు దక్షిణాఫ్రికాపై 7 పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌ను అదే ల్యాప్‌టాప్‌లో ప్రత్యక్ష ప్రసారంగా చూశారు, గంతులేశారు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరూ ఈ కథలు చెప్తే మేం మన కామన్ హాల్లో కూర్చుని నిబంధనలు తెరిచి చదివాం. తేలింది ఏమిటంటే, కట్టనక్కరలేని అక్క కట్టింది, కట్టాల్సిన అన్న కట్టలేదు. ఇద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాం. తెలియకపోవడం ఒకరి జేబుకు చిల్లు పెట్టింది, ఇంకొకరిని కోర్టు గడప దాకా తీసుకుపోయేది. రేపు వెళ్ళబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అది జరగకూడదన్నదే ఈ వ్యాసానికి మొదటి కారణం. ఆ నిబంధనల గురించి మాకొక అభిప్రాయం కూడా ఏర్పడింది, అది చెప్పాలన్నది రెండో కారణం.

మన తాతల కాలం సంగతి

లైసెన్సు అంటే మన తరానికి తెలిసింది బండి లైసెన్సే. ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. రేడియో ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకునే రోజులు మన దేశంలోనూ ఉండేవి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో పెట్టె ఇంట్లో ఉంచుకోవడమే నేరం. టీవీ వచ్చాక టీవీకీ అదే పద్ధతి. 1980ల మధ్యలో దాన్ని ఎత్తేశారు కాబట్టి మన అమ్మానాన్నల్లో చాలామందికి కూడా గుర్తుండదు. ఇలాంటి పద్ధతిని తెల్లవాడు మన దగ్గర పెట్టి పోయాడు, మనం వదిలేశాం, వాడు మాత్రం తన ఇంట్లో ఇంకా నడుపుకుంటున్నాడు.

బ్రిటన్‌లో ఇది 1922లో రేడియోతో మొదలైంది. అప్పట్లో ఏడాదికి 10 షిల్లింగులు. 1946లో టీవీ లైసెన్సు వచ్చింది, ఏడాదికి 2 పౌండ్లు. 1971లో రేడియోకు లైసెన్సు తీసేశారు, టీవీకి ఉంచారు. ఆ డబ్బులో అధికభాగం బీబీసీ నడవడానికి పోతుంది. బీబీసీ తన దేశంలోని చానళ్ళలో వ్యాపార ప్రకటనలు వేయకపోవడానికి కారణం ఇదే. 2025 ఏప్రిల్‌లో ఈ రుసుమును ఏడాదికి 174 పౌండ్ల 50 పెన్సులు చేశారు. మన డబ్బులో సుమారు 20 వేల రూపాయలు.

చట్టం ఏమంటుంది?

టీవీ పెట్టె ఉన్న రోజుల్లో లెక్క సులువు. ఇంటిమీద యాంటెన్నా కనిపిస్తే టీవీ ఉన్నట్టే. కంప్యూటర్ వచ్చాక చిక్కు మొదలైంది. ల్యాప్‌టాప్ పుస్తకమా, టైపు మిషనా, టీవీయా? దేనికి వాడితే అది.

2003లో వచ్చిన కమ్యూనికేషన్ల చట్టం లైసెన్సు లేకుండా టీవీ రిసీవర్‌ను పెట్టుకోవడం, వాడటం నేరమని చెప్పింది. రిసీవర్ అంటే ఏమిటో 2004 నాటి నిబంధనలు వివరించాయి. టీవీ కార్యక్రమాలు అందుకోవడం కోసం పెట్టుకున్న, లేదా వాడుతున్న ఏ పరికరమైనా రిసీవరే. అది గాలిలోంచి అందుకున్నా, తీగలోంచి అందుకున్నా ఒకటే. ఆ పరికరం వేరే పనులకు కూడా పనికొస్తుందా అన్నది లెక్కలోకి రాదు. ప్రజలందరికీ ప్రసారమవుతున్న సమయంలోనే, లేదా దాదాపు అదే సమయంలో ఇంటర్నెట్ ద్వారా చూసినా టీవీ చూసినట్టే.

అంటే చట్టం కంప్యూటర్ ఉందా అని అడగడం లేదు, దానితో నువ్వేం చేస్తున్నావని అడుగుతోంది. గదిలో ల్యాప్‌టాప్, ఫోన్, ట్యాబ్ అన్నీ ఉన్నా ప్రత్యక్ష ప్రసారం చూడకపోతే లైసెన్సు అక్కర్లేదు. చేతిలో చిన్న ఫోన్ తప్ప ఏమీ లేకపోయినా, అందులో ఏదైనా టీవీ చానల్‌ను ప్రసారమవుతుండగా చూస్తే లైసెన్సు కావాలి.

ఇక్కడ మనవాళ్ళు పొరబడే చోట్లు మూడున్నాయి.

మొదటిది, "నేను బీబీసీ చూడను కదా" అనుకోవడం. ఏ చానల్ అన్నది ప్రశ్న కాదు. ప్రైవేటు చానలైనా, విదేశీ చానలైనా, ఏ భాషదైనా నియమం ఒక్కటే. ఒక తెలుగు న్యూస్ చానల్ ఇక్కడ ప్రసారమవుతున్నది అక్కడ గదిలో కూర్చుని అదే సమయంలో ఇంటర్నెట్‌లో చూసినా లైసెన్సు కావాల్సిందే. బీబీసీ ముఖం చూడనివాడు కూడా బీబీసీకి డబ్బు కట్టాలన్నమాట.

రెండోది, బీబీసీ వారి ఐప్లేయర్. మొదట్లో పాత కార్యక్రమాలను ఐప్లేయర్‌లో తర్వాత చూసుకుంటే లైసెన్సు అక్కర్లేదు. జనం ప్రత్యక్ష ప్రసారం మానేసి, గంట ఆగి ఐప్లేయర్‌లో చూడటం నేర్చుకున్నారు. ఆ సందును 2016 సెప్టెంబరు 1 నుంచి మూసేశారు. ఇప్పుడు ఐప్లేయర్‌లో తర్వాత చూసినా, డౌన్‌లోడ్ చేసుకున్నా లైసెన్సు ఉండాలి. మిగతా సంస్థల యాప్‌లలో మనకు వీలైనప్పుడు చూసుకునే సినిమాలకు, సీరియళ్ళకు మాత్రం అక్కర్లేదు.

మూడోది, విద్యార్థులకు ఏదో మినహాయింపు ఉంటుందనుకోవడం. లేదు. కంటిచూపు బాగా దెబ్బతిన్నవారికి సగం తగ్గింపు ఉంది. 75 ఏళ్ళు దాటినవారికి ఒకప్పుడు అందరికీ ఉచితం, 2020 ఆగస్టు నుంచి పెన్షన్ క్రెడిట్ అనే సాయం అందుకునే పేద వృద్ధులకే ఉచితం. విద్యార్థికి తగ్గింపు ఏమీ లేదు.

హాస్టల్ లెక్కలు

హాస్టళ్ళకు సంబంధించిన నియమాలు చదివినప్పుడు మాకు నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. వసతిగృహంలో అందరూ కూర్చునే హాల్లో ఉన్న టీవీకి సాధారణంగా యాజమాన్యమే లైసెన్సు తీసుకుంటుంది. అక్కడ ఎంతమంది కూర్చుని చూసినా ఫర్వాలేదు. ఎవరి గదిలోకి వారు పోయి ఎవరి ల్యాప్‌టాప్‌లో వారు అదే మ్యాచ్ చూస్తే మాత్రం ఎవరి లైసెన్సు వారికి ఉండాలి. కలిసి చూస్తే ఒక్కటి, విడిపోయి చూస్తే వందమందికి వంద.

అద్దె ఇంట్లో నలుగురూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం చేస్తే ఆ ఇంటికంతటికీ ఒక లైసెన్సు చాలు. ఎవరి గదికి వారు విడిగా ఒప్పందం రాసుకుంటే సాధారణంగా గదికొక లైసెన్సు కావాలి. ఇల్లు అదే, గోడలు అవే, మనుషులు వాళ్ళే. కాగితం మారితే లెక్క మారుతుంది.

అన్నిటికంటే వింత నియమం బ్యాటరీది. చదువు కోసం వేరే ఊళ్ళో ఉంటున్న విద్యార్థి సొంత ఇంటికి లైసెన్సు ఉంటే, ఆ లైసెన్సు అతని ల్యాప్‌టాప్‌కూ వర్తిస్తుంది. షరతు ఏమిటంటే, చూస్తున్నంతసేపూ అది తన లోపలి బ్యాటరీ మీదే నడవాలి. చార్జర్ పిన్ను గోడకు పెట్టగానే అది ఆ గదిలో పాతుకున్న టీవీ అయిపోతుంది. అంటే మ్యాచ్ చివరి ఓవర్లో బ్యాటరీ అయిపోయి చార్జర్ పెడితే నేరం! జేబులో పెట్టుకుని తిరిగే బుల్లి టీవీల కాలంలో ఈ నియమానికి అర్థం ఉండి ఉండవచ్చు. ఈ కాలానికి ఇదెంత మాత్రం అతుకుతుంది? పైగా ఈ వెసులుబాటు అక్కడ సొంత ఇల్లు, లైసెన్సు ఉన్న పిల్లలకే. మన అమ్మానాన్నల ఇల్లు నల్గొండలోనో, ఆదిలాబాద్‌లోనో ఉంటుంది. మనకు బ్యాటరీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇతర దేశాలు ఏం చేశాయి?

ఈ చిక్కు బ్రిటన్ ఒక్కదానిదే కాదు. జర్మనీలో 2007 నుంచి ఇంటర్నెట్ పట్టే కంప్యూటర్‌ను కూడా ప్రసారాలు అందుకునే యంత్రంగా లెక్కగట్టి, వేరే టీవీ, రేడియో లేనివారి దగ్గర కంప్యూటర్‌కే రుసుము అడిగారు. అందులో చూస్తున్నారా లేదా అన్నది వారికి అనవసరం. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగినట్టే అన్నమాట. ఆ గొడవ భరించలేక 2013 నుంచి యంత్రాల లెక్క మానేసి ఇంటికి ఇంత అని వసూలు మొదలుపెట్టారు. ఇప్పుడు జర్మనీ వెళ్ళే మన విద్యార్థులు టీవీ ఉన్నా లేకున్నా అది కట్టక తప్పదు. ఒక ఇంట్లో కలిసి ఉండేవారు పంచుకోవచ్చు.

స్వీడన్‌లో 2013లో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్లకు టీవీ రుసుము అడిగారు. జనం కోర్టుకు వెళ్ళారు. మామూలు కంప్యూటర్ టీవీ రిసీవర్ కాదని 2014లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది. చివరికి 2019లో రుసుము తీసేసి, ఆదాయాన్ని బట్టి కట్టే పన్నుగా మార్చారు. ఫిన్లాండ్ అంతకుముందే, 2013లోనే, టీవీ రుసుము స్థానంలో ఆదాయాన్ని బట్టి పన్ను పెట్టింది. తక్కువ ఆదాయం ఉన్నవారికి అది ఉండదు. ఫ్రాన్స్ 2022లో టీవీ రుసుమును పూర్తిగా ఎత్తేసింది.

ఈ దేశాలన్నీ ఒక్కొక్కటిగా పెట్టెను లెక్కించడం మానేశాయి. బ్రిటన్ పెట్టెను వదిలి పనిని పట్టుకుంది. ఇంతవరకు బ్రిటన్ దారే జర్మనీ 2007లో పట్టిన దారికంటే న్యాయమైనదని మా అభిప్రాయం. కంప్యూటర్ అనేది పేద విద్యార్థికి పలక లాంటిది. పలక ఉన్నందుకు పన్ను వేయకూడదు. చూసినవాడే కట్టాలన్న నియమంలో ధర్మం ఉంది.

మాకు నచ్చనిది

మాకు నచ్చనివి రెండున్నాయి. ఒకటి కొలత, రెండోది శిక్ష.

కొలత సంగతి చూడండి. 2025 ఏప్రిల్ నాటి రేటు ప్రకారం కోట కట్టుకుని ఉన్న ప్రభువుకూ 174 పౌండ్ల 50 పెన్సులే, వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న షరతు మీద చదువుకునే మన అక్కకూ అంతే. 2025 ఏప్రిల్ నాటి అక్కడి కనీస వేతనం, 21 ఏళ్ళు దాటినవారికి, గంటకు 12 పౌండ్ల 21 పెన్సులు. ఆ లెక్కన లైసెన్సు కోసం అక్క 14 గంటలకు పైగా నిలబడి పని చేయాలి. మన లెక్కలో చెప్పాలంటే, ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే హాస్టల్ విద్యార్థికి తెలంగాణ ప్రభుత్వం 2024లో పెంచి ఇస్తున్న మెస్ చార్జీ నెలకు 2,100 రూపాయలు. ఆ లైసెన్సు డబ్బుతో ఇక్కడ ఒక విద్యార్థి తొమ్మిది నెలలకు పైగా అన్నం తింటాడు.

"అందరికీ ఒకే రేటు పెట్టడం సమానత్వమే కదా" అని మాలో ఒక తమ్ముడు వాదించాడు. ఏనుగుకూ మేకకూ ఒకే బరువు ఎత్తితే అది సమానత్వం కాదని మన హాస్టళ్ళ పుట్టుకే చెప్తోంది. అందరికీ ఒకే ఫీజు, ఒకే మార్కు, ఒకే దూరం అన్నచోట మన నాన్నలు చదువు ఆపేశారు. కొలత మార్చినచోట మనం చదువుకున్నాం.

ఇంకొక విషయం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. అక్కడ 60 ఏళ్ళు దాటి విశ్రాంత జీవితం గడుపుతున్నవారు, వికలాంగులు ఉండే కొన్ని రకాల వసతిగృహాలకు ప్రత్యేక లైసెన్సు ఉంది. గదికి 7 పౌండ్ల 50 పెన్సులే! అంటే ఒకచోట గదులలో ఉండేవారికి తగ్గించి ఇవ్వడం చేతగాని పని కాదు, చేస్తున్న పనే. అదే పద్ధతి విద్యార్థుల వసతిగృహాలకు ఎందుకు వర్తింపజేయరు? గదికి కొద్దిపాటి మొత్తం అద్దెలోనే కలిపితే ఉత్తరాలు అక్కర్లేదు, భయాలు అక్కర్లేదు, దొంగచూపులూ అక్కర్లేదు.

ఇక శిక్ష. లైసెన్సు లేకుండా చూడటం అక్కడ క్రిమినల్ నేరం. జరిమానా 1,000 పౌండ్ల దాకా వేయవచ్చు. కరెంటు బిల్లు కట్టకపోతే అది అప్పు, టీవీ రుసుము కట్టకపోతే నేరం! ఈ కేసుల్లో చాలా వాటిని ఒకే మేజిస్ట్రేట్ కాగితాలు చూసి తేల్చేస్తారు, కోర్టులో నిలబడి చెప్పుకునే సందర్భమే రాదు. 2019లో ఈ కేసుల్లో పట్టుబడినవారిలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే. ఆడవాళ్ళు ఎక్కువ టీవీ చూస్తారని కాదు. తనిఖీకి వచ్చినవాడు తలుపు కొట్టినప్పుడు ఇంట్లో ఉండేది వాళ్ళు, తలుపు తీసేది వాళ్ళు. ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే తల్లులు వాళ్ళలో ఎందరో. దీన్ని నేరాల జాబితాలోంచి తీసేయాలా అని అక్కడి ప్రభుత్వం 2020లో జనాభిప్రాయం అడిగింది. 2021 జనవరిలో ప్రస్తుతానికి మార్చడం లేదని చెప్పింది. అలా ఆగిపోయింది.

విదేశీ విద్యార్థికి ఇది ఇంకా బరువు. వీసా దరఖాస్తుల్లో గతంలో పడిన శిక్షల గురించి అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. ఒక క్రికెట్ మ్యాచ్ కోసం అక్కడ "అవును" అని రాయాల్సిన గతి ఎవరికీ పట్టకూడదు.

మరి ఎత్తేయాలా?

ఇంత చెప్పాక "అయితే ఆ రుసుము ఎత్తేస్తే పోలా?" అని మీరు అనవచ్చు. మాలో సగంమంది అదే అన్నారు. రెండు రాత్రులు స్టడీ అవర్ అయ్యాక వాదించుకుని, ఎత్తేయకూడదన్న నిర్ణయానికి వచ్చాం. ఎందుకంటే మన దేశం అనుభవం మన కళ్ళముందుంది.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఊరంతటికీ ఒక టీవీ. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి తెలుగులో కార్యక్రమాలు. ఏ ప్రకటనదారుడూ ఆ ఊళ్ళ కోసం డబ్బు పెట్టేవాడు కాదు, ఎందుకంటే అక్కడ సబ్బు కొనేవాళ్ళు లేరు. ప్రజల డబ్బుతో నడిచే ప్రసారం ఒక్కటే కొనలేనివాడి దగ్గరకూ వస్తుంది.

కానీ ఆ ప్రయోగం జరిగిన రోజులే ఎమర్జెన్సీ రోజులు. రేడియో, టీవీ రెండూ సర్కారు చేతిలో ఉండి, సర్కారు చెప్పిందే చెప్పిన రోజులు. డబ్బు ఖజానా నుంచి వస్తే కళ్ళెం కూడా అక్కడే ఉంటుందన్న సంగతి ఈ దేశం అప్పుడు నేర్చుకుంది. ఆ పాఠం నుంచే తర్వాత ప్రసారభారతి చట్టం 1990లో వచ్చి, 1997లో అమలైంది. అయినా ప్రసారభారతి ఈనాటికీ ప్రధానంగా ప్రభుత్వం ఇచ్చే నిధులమీదే బతుకుతోంది. మనం లైసెన్సు రుసుము పోగొట్టుకుని ఖర్చు తప్పించుకున్నాం. ప్రసారం మీద మన హక్కును కూడా కొంత పోగొట్టుకున్నామేమో ఆలోచించాలి. రుసుము కట్టేవాడు "నా డబ్బుతో నడుస్తున్నావు, నాకు నిజం చెప్పు" అని అడగగలడు.

గ్రూప్స్‌కు చదివే మనవాళ్ళు ఫోన్‌లో బీబీసీ తెలుగు ఉచితంగా చదువుతుంటారు. 2017 అక్టోబరులో అది మొదలైంది. ఆ విస్తరణకు డబ్బు ఇచ్చింది బ్రిటన్ ప్రభుత్వ గ్రాంటే అయినా, ఆ సంస్థకు పేరు, అలవాటు, పనివాళ్ళను సంపాదించి పెట్టింది దాదాపు వందేళ్ళ లైసెన్సు డబ్బు. 2024 నుంచి ఆ తెలుగు వార్తలను కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ సంస్థ తయారుచేసి ఇస్తోంది. ఎక్కడో ఎవరో కట్టిన డబ్బు మనకూ కొంత అక్కరకు వచ్చిందన్న సంగతి మరిచిపోవడం మర్యాద కాదు.

కాబట్టి మా మాట ఇది. ప్రజల ప్రసారానికి ప్రజలు డబ్బు కట్టడం సబబే. కాకపోతే శక్తిని బట్టి కట్టాలి. కట్టలేకపోతే అది అప్పుగా ఉండాలి, నేరం కాకూడదు. ఒకే కప్పు కింద ఉండే విద్యార్థులకు కలిపి ఒక చిన్న రుసుము ఉండాలి. బీబీసీకి ఇప్పుడున్న రాయల్ చార్టర్ 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. తర్వాత డబ్బు ఎలా రావాలన్నది అప్పటిలోగా ఆ దేశం తేల్చుకోవాలి. అక్కడ ఓటున్న మన పూర్వ విద్యార్థులెవరైనా ఉంటే ఈ మాట అక్కడ అడగాలని మా కోరిక. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారతీయులకు అక్కడి ఎన్నికల్లో ఓటుహక్కు ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు.

వెళ్ళబోయేవారికి

చట్టం మారేదాకా ఉన్న చట్టం తెలిసి ఉండాలి. అక్కడికి చేరగానే మీరేం చూస్తారో ముందు నిజాయితీగా లెక్క వేసుకోండి. ఏ చానలైనా ప్రత్యక్షంగా చూసే అలవాటు ఉంటే, ఐప్లేయర్ వాడితే లైసెన్సు తీసుకోండి. వాయిదాల్లో కట్టే వీలుంది. ఇల్లు కలిసి అద్దెకు తీసుకునేటప్పుడు ఒప్పందం ఒకటా, గదికొకటా అని సంతకానికి ముందే చూసుకోండి. నలుగురూ ఒకే ఒప్పందం మీద ఉంటే 2025 ఏప్రిల్ నాటి రేటు ప్రకారం తలా 44 పౌండ్లలోపే పడేది.

ప్రత్యక్ష ప్రసారాలు, ఐప్లేయర్ రెండూ చూడకపోతే కట్టనక్కరలేదు. లైసెన్సు అవసరం లేదని వారికి తెలియజేసే పద్ధతి ఉంది. ఉత్తరం వస్తే చింపేయకండి, భయపడి డబ్బూ కట్టకండి, చదవండి. తనిఖీకి వచ్చినవారితో మర్యాదగా మాట్లాడండి. మీరు అనుమతిస్తే తప్ప, లేదా కోర్టు వారంటు ఉంటే తప్ప వారు లోపలికి రాలేరు. చదువు ముగించి తిరిగి వచ్చేటప్పుడు లైసెన్సులో మిగిలిన పూర్తి నెలలకు డబ్బు వెనక్కి అడగవచ్చు.

మా మాటలు విన్నాక అక్క ఆ లైసెన్సు రద్దు చేసుకుని మిగిలిన నెలల డబ్బు అడిగింది. అన్న, అతని స్నేహితులు తలా కొంత వేసుకుని ఇంటికి ఒక లైసెన్సు తీసుకున్నారు. "ఈసారి మ్యాచ్ చూస్తుంటే తలుపు చప్పుడైనా గుండె దడదడలాడలేదురా" అన్నాడు ఫోన్‌లో.

మన కామన్ హాల్లో ఉన్న టీవీ మీకు తెలుసు. పక్కన ఎర్ర చార ఒకటి ఎప్పుడూ కనిపిస్తుంది, రిమోట్ వార్డెన్ సార్ దగ్గర ఉంటుంది, వెనక కూర్చున్నవాడికి స్కోరు ముందువాడు చెప్పాలి. దానికి ఎవరు డబ్బు కట్టారని మనం ఎన్నడూ అడగలేదు. ఈ రాష్ట్రంలో పన్ను కట్టే ప్రతి మనిషీ, మన నాన్నలు కొనే అగ్గిపెట్టె మీద పన్నుతో సహా, దానికి కట్టారు. మనం చూసే ప్రతిదానికీ ఎవరో వెల కడుతూనే ఉంటారు. రేపు మనం సంపాదించే రోజు వచ్చినప్పుడు మన వంతు మనం శక్తి కొద్దీ కడదాం. మన వెనక వచ్చే పిల్లలు ముందు వరసలో కూర్చుని చూస్తారు.

— సంచిక కమిటీ విద్యార్థులు